కళ్లు మూయని పాఠం

నొప్పిని ఓర్చుకునే క్లాసు చెప్పే శశికళమ్మకు,

నిన్న నువ్వు “కళ్లు మూసుకో తాతా, నొప్పి యాడ ఉండాదో ఊరికే చూడు” అంటే లేచి వచ్చేసినాను. “గురక వస్తాదని భయమేమో తాతకు” అని క్లాసులో నా పక్కన కూర్చునే మార్గరెట్ నవ్వింది. నాకు నడుం విరిగింది గనిలో, పైరాయి కూలిన చీకట్లో. కళ్లు మూస్తే మళ్లీ అక్కడే ఉంటాను.

గనిలో పనికి ముందు కడ్డీతో పైరాయిని తట్టి వినేవాళ్లం, గట్టిదో వదులుదో తెలిసేది. ఈ పొద్దు కళ్లు తెరిచే ఉంచి, నొప్పిని అట్లా విన్నాను. అది తగ్గలేదు. కానీ ఒకే బండ కాదు, మధ్య మధ్య సందులున్నాయి. అక్కడ ఊపిరి ఆడింది.

కళ్లు తెరిచి కూర్చోనిస్తే సోమవారం వస్తాను. కూర్చోనివ్వకపోయినా వస్తాను, ఇంట్లో ఒక్కడినే ఈ నొప్పితో వేగలేను. బతిమాలుతున్నానని మాత్రం అనుకోవద్దు.