పాయ అవతల గొడుగు మనిషి

శ్రీవారికి,
మీ దర్జీ భార్య నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ క్షేమం. మీరు ఆ ఇసుకదిబ్బ మీద పిట్టల కాపలాకి వెళ్ళి రెండు నెలలైంది. అలవాటు తప్పక ఇంకా ఇద్దరికీ వండుతున్నాను. పారెయ్యడానికి మనసొప్పక మీ వాటా కూడా నేనే తింటున్నాను. ఒక్క పూట వచ్చి కనబడి పోకూడదూ?
మీ దారి చూస్తూ,
మీ ఆవిడ
తా.క.: మీ వాటా పుణ్యమా అని నా బట్టలు రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసుకున్నాను.

దర్జీ గారికి,
మీ ఆయన ఆశీస్సులు. రావాలని నాకు మాత్రం లేదా? ఈ పిట్టలు గూడు కట్టవు, వట్టి ఇసుకలో గుంట చేసి గుడ్లు పెడతాయి. మనిషి ఈ దిబ్బ పక్కనున్న ఏటి పాయ దాటబోతే చాలు, గుంపంతా లేచిపోతుంది. ఆ కాసేపట్లో గుడ్లు ఎండకి ఉడికిపోతాయి, లేదా కాకులు తన్నుకుపోతాయి. పోయినేడు ఒక్క పిల్లా దక్కలేదు. నేను ఒక్క పూట లేకపోతే షికారు జనం వచ్చిపడతారు. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఇంకో నలభై రోజులు. నువ్వూ రాకు.
ఉంటాను,
మీ ఆయన
తా.క.: వంట నేనే చేసుకుంటున్నాను. మిగిలింది బయట పెడితే కాకులు కూడా ముట్టడం లేదు.

దర్జీ గారికి,
నిన్న ఆదివారం ఒక ఉపద్రవం వచ్చింది. కాపలా రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ‘ఉదయం పదకొండు గంటలు. పసుపు బట్టలు, నల్ల గొడుగు, లావుపాటి స్త్రీ. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి గొడుగు ఊపింది. పిట్టలు లేచాయి. ఎర్రజెండా ఊపి పంపేశాను. గుడ్లకు నష్టం లేదు.’ మనుషులకి ఇంగితం ఉండక్కర్లేదూ?
ఇట్లు,
మీ ఆయన
తా.క.: గాలికి గొడుగు తిరగబడితే ఆవిడ దానితో పోట్లాడింది. డ్యూటీలో నవ్వకూడదు గానీ నవ్వాను.

పిట్టలకు తప్ప ఎవరికీ దొరకని శ్రీవారికి,
ఆ లావుపాటి స్త్రీ రాసేది. రెండు బస్సులు మారి వచ్చాను. దూరం నుంచైనా ఒకసారి చూసి పోదామనుకున్నాను. పిట్టలు లేచేసరికి గుడ్ల సంగతి గుర్తొచ్చి వెంటనే గట్టెక్కాను. గట్టెక్కినా, బస్సెక్కినా ఆ జెండా ఊపుతూనే ఉన్నారేం? వెనక అద్దంలోంచి వంతెన దాకా చూస్తూనే ఉన్నాను. కట్టుకున్నదాన్ని గుర్తుపట్టలేదు, పోనీ. అంత కసిగా తరమాలా?
ఇక రాను.
తా.క.: అక్షరాలు అలుక్కుపోయిన చోట మిషను నూనె పడింది. ఇంకేదో అనుకోకండి.

నా లావుపాటి మనిషికి,
నువ్వు బస్సు దిగి చెప్పుల్లో ఇసుక దులుపుకున్నప్పుడే గుర్తుపట్టాను. నువ్వేనని రాస్తే మళ్ళీ వస్తావని భయం. మళ్ళీ రావేమోనని ఇంకో భయం. అందుకే రిజిస్టరులో ఉన్నది మాత్రమే రాసి పంపాను. అటు నువ్వు, ఇటు మూడు వందల గుడ్లు. కేకేసినా పిట్టలు లేస్తాయి, ఎదురొచ్చినా లేస్తాయి. నిన్ను చూడాలని ఉంది. రోజూ ఉంది.
మనిషిని పంపెయ్యడానికి జెండా ఒక్కసారి ఊపాలని రూలు. ఆ ఒక్కసారీ ఉద్యోగం కోసం ఊపాను. మిగతాదంతా నీకు. చేతిలో ఇంకేమీ లేదు మరి.
నీ
కాపలావాడు
తా.క.: బస్సు వంతెన దాటాక కూడా కాసేపు ఊపాను. అది రిజిస్టరులో రాయలేదు.