ఆవులో వాటా

చిరంజీవి కర్టిస్‌కు,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదటి వాక్యంలోనే రాయాలి కాబట్టి రాశాను. నమ్మడం, మానడం నీ ఇష్టం. డాక్టర్లు చెప్పినా నమ్మనివాడివి, ముసలిది రాసింది ఎందుకు నమ్ముతావు?

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. రోజూ పొద్దున్నే రేడియోలో అరిచి అరిచి, ఎదుటి మనిషి నోరు తెరిస్తే గొంతు పెంచడం నీకు అలవాటైపోయింది. కాగితం మీదైతే అడ్డు రాలేవు.

పుట్టినరోజు కార్డులో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలు ఫరవాలేదు. కారుకి కొత్త టైర్లు వేయించాను. "నా కార్యక్రమం వింటున్నావా?" అన్నావు. ఈ ఊళ్లో వినకుండా ఉండే వీలెక్కడుంది? దాణా కొట్లో వెండెల్ నీ గొంతు పెట్టుకునే తూకం వేస్తాడు. "మీవాడు ఇవాళ ఆరోగ్యశాఖ వాళ్లని ఉతికి ఆరేశాడమ్మా!" అని మురిసిపోతాడు. నేను కోళ్ల దాణా తీసుకుని వచ్చేస్తాను. అతని మీద నాకు కోపం లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇక నీ దేశసేవ సంగతి. నవంబరులో ఆరోగ్యశాఖ కోసం ఇంటికింత పన్ను కట్టాలా వద్దా అని కౌంటీలో ఓటు పెడితే, "వద్దు" అని గొంతు చించుకున్నావు. ఇంటింటి ముందు గడ్డిలో నీ "వద్దు" బోర్డే నాటారు. గెలిచావు, సంతోషం. ఇప్పుడు ఆ ఆఫీసులో ఒక్క అమ్మాయే మిగిలింది. బావి నీళ్లూ ఆవిడే చూడాలి, బడి వంటగదులూ ఆవిడే చూడాలి, కుక్క కరిచినా ఆవిడే రావాలి.

టీకాలు డబ్బు కోసం, కాచిన పాలు డబ్బు కోసం, అంతా దోపిడీ అంటావు. మరి మధ్యమధ్యలో నువ్వు అమ్మే ఆ విటమిను బిళ్లలు ధర్మానికి పంచుతున్నావా? మొన్న మన శాసనసభ్యుడు టీవీలో పచ్చిపాల గ్లాసెత్తి "ఇదే స్వేచ్ఛ!" అన్నాడు. మీసానికంటిన నురుగు తుడుచుకోమని వెనకనుంచి ఒకడు రుమాలు అందించాడు. పొలంలో పనిచేసేవాళ్లు చొక్కా చేతికే తుడుచుకుంటారు, ఈయన స్వేచ్ఛకి రుమాలు పట్టుకునే మనిషి కూడా కావాలి. తెల్లనివన్నీ పాలని నమ్మేవాళ్లు ఉన్నంతకాలం మీ ఇద్దరికీ లోటు లేదు.

నీ చివరి ప్రశ్న, ఆవు ఎలా ఉందని. ఆవు దివ్యంగా ఉంది. క్రిస్మస్‌కి అందరూ తల్లులకి స్వెట్టర్లు పంపితే నువ్వు ఆవులో వాటా పంపావు. పచ్చిపాలు దుకాణంలో అమ్మకూడదు కాబట్టి, వాటా కొంటే మన ఆవు పాలు మనం తాగినట్టేనట, సర్కారు నోరెత్తడానికి వీల్లేదట. మెడలో ఎర్ర రిబ్బనుతో ఆవు ఫొటో కూడా వచ్చింది. పేరు డచెస్. ఫ్రిజ్ మీద అంటించాను.

వారం వారం సీసాలు వచ్చేవి. నేను కాచుకునేదాన్ని. మా నాన్నకి ఇరవై ఆవులున్నా పిల్లలకి పచ్చిపాలు పోయనిచ్చేవాడు కాదు. పొయ్యి మీద గిన్నె చూసి నీ చెల్లెలు జానెల్ నవ్వేసింది. "అయ్యో అమ్మా, కాస్తే పాలలో సత్తువంతా పోతుంది. అన్నయ్య రోజూ మొత్తుకుంటున్నాడుగా!" అంది. మిగిలిన సీసాలు తన ఇంటికి పట్టుకెళ్లేది. నీ మాటంటే దానికి బైబిలు.

ఇక దాచిన మాట చెప్తాను. పోయిన బుధవారం నువ్వేమన్నావో గుర్తుందా? "ఆరేళ్ల పిల్లట! పాలు తాగితే మూత్రపిండాలు ఆగిపోయాయట! పేరు లేదు, ఊరు లేదు! ఉంటే చూపించండయ్యా ఆ అబద్ధాల పిల్లని! అడ్డమైన గడ్డీ తినిపించి ఆవు మీద తోసే ఆ తల్లిని ముందు లోపలెయ్యాలి!" అని, మీట నొక్కి ఆవు అరుపు వినిపించావు.

పిల్ల ఉంది కర్టిస్. ఆ పిల్ల హేజెల్. లోపలెయ్యమన్న తల్లి నీ చెల్లెలు.

నీ స్టూడియోకి పావుగంట దూరంలో, పిల్లల ఆసుపత్రిలో హేజెల్ పడుకుని ఉంది. మొదట నెత్తుటి విరేచనాలు, తర్వాత మూత్రం ఆగిపోయింది. ఇప్పుడు యంత్రం దాని రక్తం కడుగుతోంది. మూత్రపిండాలు తిరిగి పనిచేస్తాయో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. ఆరోగ్యశాఖలో మిగిలిన ఆ ఒక్క అమ్మాయే డచెస్ పాలు పరీక్షకి పంపింది. పిల్ల ఒంట్లో ఉన్న క్రిమే పాలలోనూ ఉంది. నీకు చెప్పొద్దని జానెల్ నాచేత ఒట్టు వేయించుకుంది. "చెప్తే నమ్మడమ్మా. నమ్మాడంటే రేడియోలో ఏడుస్తాడు. అది అసలు భరించలేను" అంది. ఇవాళ ఆ ఒట్టు తప్పాను.

ఆ బుధవారం నేను హేజెల్ పక్కనే ఉన్నాను. మామయ్య రేడియో పెట్టమని నర్సుని బతిమాలుకుంది. ఆవు అరుపంటే దానికి నవ్వు. నవ్వాక నన్ను అడిగింది. "అమ్మమ్మా, మామయ్య ఎవరినో అబద్ధాల పిల్ల అంటున్నాడు. దానికీ నా అంతే వయసట. ఎవరే ఆ పిల్ల?"

"ఎవరోలేమ్మా" అన్నాను. జానెల్ కిటికీ వైపు తిరిగి నిలబడిపోయింది.

"పాపం, దానిక్కూడా కడుపునొప్పేమో. మామయ్యకి చెప్పు, తిట్టొద్దని" అంది.

అందుకే చెప్తున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడు మైకు ముందు కూర్చుని, ఆ పిల్ల ఉందని, నీ మేనకోడలేనని, ఆ పాలు నువ్వు పంపినవేనని చెప్పు. ఏడవకు. ఆవు అరుపు వేయకు. చెప్పాక ఆసుపత్రికి రా. చెప్పకుండా వస్తే జానెల్ నిన్ను గదిలోకి రానివ్వదు, రానివ్వమని నేనూ అడగను.

అప్పటిదాకా అమ్మ అని సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు. రేడియో మాత్రం రోజూ పెడుతున్నాం. హేజెల్ ఆపనివ్వడం లేదు.

ఇట్లు,
ఆ అబద్ధాల పిల్ల అమ్మమ్మ