సముద్రం అడుగున నడక

కెయిలెన్, చిలోయే దీవి

ఎదెల్మిరా వదినకు,

మేమంతా క్షేమం. నీళ్ళలో దిగడం మానేసి మీ దగ్గరికి వచ్చేయమని రాశారు. కోప్పడకండి, మానలేదు. మీ తమ్ముణ్ణి మింగిన సముద్రమని భయపడి కూర్చుంటే ఆల్చిప్పలు ఏరేదెవరు, పిల్లలు తినేదేమిటి?

ముసలి గజఈతగాడు నోల్బెర్తో నాకు నేర్పుతున్నాడు. పెద్ద రాయి పొట్టకు హత్తుకుని, ఊపిరి బిగబట్టి, సముద్రం అడుగున నడవాలి. మొదట్లో ఇరవై లెక్కపెట్టేసరికే రాయి వదిలేసి పైకొచ్చేదాన్ని. "అప్పుడే వచ్చేశావా? నీకంటే కప్ప నయం!" అని పడవలోంచి వెక్కిరించేవాడు. మూడు నెలలకు ఎనభై దాకా వచ్చాను.

మొన్న మంగళవారం, అరవై దగ్గర రాయి ఉన్నట్టుండి తేలికైపోయింది. అవతలి వైపు ఎవరో పట్టుకున్నారు. మసక నీళ్ళలో వేళ్ళు మాత్రం కనిపించాయి. చిటికెన వేలు సగమే ఉంది వదినా, మీ తమ్ముడికి లాగే.

భయం వేయలేదు. ఇద్దరం కలిసి నడిచాం. వంద దాటింది. ఊపిరి తీసుకోవాలనే అనిపించలేదు. లోతుకు వెళ్తున్నామని అప్పుడు గమనించాను.

రాయి పట్టుకోవడానికి ఇన్నాళ్ళూ ఒళ్ళు హూనం చేసుకున్నాను. వదలడం అంతకంటే కష్టమైంది. అయినా వదిలేశాను. అది కింద పడలేదు. అలాగే ముందుకు వెళ్ళిపోయింది.

పైకొచ్చాక నోల్బెర్తో వెక్కిరించలేదు. దుప్పటి కప్పి, "కనిపించాడా?" అన్నాడు.

సోమవారం మళ్ళీ దిగాలి. ఈలోగా మీ తమ్ముడి ఆత్మశాంతికి చర్చిలో పూజ పెట్టించండి. శవం దొరకలేదు కదా అని ఏడాదిగా వద్దన్నది నేనే.

మీ మరదలు