మౌస్‌కి పసుపు

సబీహా ఆపాకి సలాం,

మా స్పేర్ పార్టుల కొట్లో కంప్యూటర్‌లో పాత డాస్ తీసేసి విండోస్ పెట్టించారు. నాకేమో కీబోర్డే తప్ప మౌస్ అలవాటు లేదు, దాంతో నా ఉద్యోగం పోతుందనుకున్నాను. అమ్మీకి మాత్రం చెప్పకు.

ఓనరు రామకోటేశ్వరరావుగారు పూజ చేసి, మౌస్‌కి కిందా పైనా గడపకి రాసినట్టు పసుపు రాశారు. తీరా చూస్తే తెరమీద బాణం కదలదు!

“విండోస్ మనకి అచ్చిరాలేదమ్మా, పాతదే పెట్టించేద్దాం” అన్నారాయన.

నేను మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే తొలి బిల్లు తీశాను. తర్వాత మౌస్ తిప్పి చూస్తే, అడుగున తిరిగే బంతి నిండా పసుపే. కడిగి పెడితే బాణం కదిలింది. ఆయన ఒకటే నవ్వు.

ఈసారి మైలవరం నుంచి వచ్చినప్పుడు ఆటోనగర్‌లో ఆయన పేరు చెప్పి వెతుక్కోకు. కంప్యూటర్ మేడమ్ కొట్టెక్కడని అడుగు. ఎవరైనా చూపిస్తారు.

నీ చెల్లెలు