కవరు మీద పేరు

మద్రాసు,
12-5-87

ఇదిగో,

నేను క్షేమం. నిన్న మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, గొంతులో ఉన్న పుండును లేజరుతో కాల్చేశారు. మెడ మీద కత్తిగాటే లేదు. మచ్చ కనబడకూడదని నువ్వు కుట్టించి పంపిన పెద్ద కాలరు చొక్కా సంచిలోనే ఉంది. క్యాన్సరే గానీ, మొదట్లోనే దొరికిందన్నారు డాక్టరుగారు. గొంతు బొంగురుపోవడం మామిడి సొన వల్లేనని రెణ్ణెల్లు నీతో వాదించాను. నువ్వు ఏడ్చి నూజివీడు ఆసుపత్రికి లాక్కెళ్ళకపోతే ఇంకా వాదిస్తూనే ఉండేవాణ్ణి.

పదిహేను రోజులు నోరు విప్పకూడదట. తోటలో కోతుల్ని అదిలించడానికి నా కేక లేదు, డబ్బా కొట్టు. రసాలు ముచ్చికతోనే కోయించు.

కవరు మీద నీ పేరు రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ముప్పయ్యేళ్ళుగా "ఇదిగో" అనే పిలిచాను. పక్కనున్న తెలుగు నర్సమ్మ పేరు చదివి, "ఎవరండీ ఈవిడ?" అంది. మాట్లాడకూడదుగా, నవ్వి ఊరుకున్నాను.

మాట్లాడమన్న రోజున మొదట ఆ పేరే పిలుస్తాను. గొంతు నాది కాదనిపించినా పలుకు, తిరపతమ్మా.