కథలో లేని తల్లి

అయ్యగారికి వందనాలు.

వేసవి శిబిరంలో సేవకి ఈసారి మేం ముగ్గురం వస్తే చాలనీ, మా అత్తగారికి విశ్రాంతి ఇవ్వమనీ రాశారు. ఆ మాట చదివి వినిపిస్తే ఆవిడ పకపకా నవ్వింది. పోయిన ఏడాది నూట ఇరవై మందికి ఉల్లిపాయలు తరిగినప్పుడు ఎవరికీ గుర్తురాని విశ్రాంతి కదా అది!

అసలు సంగతి నాకు తెలుసు. ఆ శిబిరంలోనే, బైబిల్లో ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ పిల్లలకి చెబుతూ, ఆవిడ అందులోకి ఒక తల్లిని తెచ్చింది. తండ్రి ఎదురు పరుగెత్తేలోపే తల్లి పొయ్యి మీద నీళ్ళు పెట్టిందట, వాడి కాళ్ళ పుండ్లు కడగడానికి.

"మామ్మగారూ, వాక్యంలో లేనిది ఎందుకు కలిపారు?" అని మీరు అందరి ముందూ అడిగారు.

"రాయకపోతే లేనట్టేనా అయ్యా? మరి వాణ్ణి కన్నదెవరు?" అందావిడ.

మీరు చూడనిది ఒకటుంది. ఇంటికి పోతానని రెండు రోజులుగా ముద్ద ముట్టని పాప, ఆ కథయ్యాక ఆవిడ ఒళ్ళో కూర్చుంది. "మా అమ్మ కూడా నీళ్ళు పెట్టి ఉంచుతుందా?" అని అడిగి, కంచం ఖాళీ చేసింది.

కుటుంబంగా సేవ చేయండని పిలిచింది మీరే. మా ఆయన కుళాయిలు బాగుచేస్తారు, అమ్మాయి పాటలు నేర్పుతుంది, నేను వండుతాను, కథలు ఆవిడ చెబుతుంది. వస్తే నలుగురం వస్తాం, లేదంటే ఎవ్వరం రాం.

ఆవిడకి ఈసారి ఏ కథ ఇచ్చినా సరే. అందులో తల్లి ఎక్కడుందో ఆవిడే వెతుక్కుంటుంది.

ఇట్లు,
ఆవిడ కోడలు