వీపుకి వేసిన దండ

అప్పకి,

పోర్టుబ్లెయిరు నుంచి నీ తమ్ముడు దాలయ్య కాళ్ళకి మొక్కి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ పిల్లలూ బాగున్నారని, బావకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని, తగ్గకపోయినా మూలగడం తగ్గించాడని తలుస్తాను.

ఇక్కడ వాన వదలడం లేదు. సెంట్రింగ్ చెక్కలన్నీ ఉబ్బిపోయి, పని రోజు విడిచి రోజు దొరుకుతోంది. అయినా తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు. ఉద్దానం కొబ్బరిచెట్లు వదిలి, సముద్రం దాటి వచ్చి, మళ్ళీ కొబ్బరిచెట్ల కిందే పడ్డాను. కాయలు దింపేవాడు మాత్రం వేరే భాషలో తిడతాడు.

నువ్వు పంపిన ఫోటో అందింది. ఆశగా కవరు విప్పితే ఏముంది, గిటారు జగ్గు వీపు!

జగ్గు పోయాడని నువ్వు ఫోనులో చెప్పిన రోజు నాకు అన్నం దిగలేదు. మన ఉద్దానాన్ని పట్టిన ఆ కిడ్నీల రోగమే అతన్నీ తీసుకుపోయిందన్నావు. పలాస, టెక్కలి సంబరాల్లో అతని ఆర్కెస్ట్రా వెంట తిరిగి చెప్పులు అరగదీసినవాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. ఆదివారం ఒకచోట కూర్చుని, దండ వేసి, అతన్ని తలుచుకుందామనుకున్నాం. అందుకే ఫోటో అడిగాను.

పెళ్ళి ఫోటోలు తుఫానుకి పోయాయని, ఆసుపత్రి పుస్తకం మీద అంటించింది తప్ప ముఖం ఉన్న ఫోటో లేదని వాళ్ళావిడ అందని రాశావు. నిజమే. జగ్గు జనానికి వీపు పెట్టే వాయించేవాడు కదా. తీగ ఒక్కసారి మీటి, గిటారుని పెద్ద సౌండు బాక్సుకి దగ్గరగా పట్టుకుంటే ఆ కూత దానంతటదే సాగేది. హరిశ్చంద్రపురం స్టేషన్లో ఆగని మెయిలు బండి గుండెల మీదుగా పోయినట్టుండేది. మిగతావాళ్ళు పాటని పాటలా వాయించేవారు. ఇతను దాన్ని జుట్టు పట్టుకుని ఊపి, తలకిందులు చేసి, కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి మనకి అప్పగించేవాడు. అంతటివాడు టెక్కలిలో పుట్టడం మన అదృష్టం. బావ మొదటిసారి విని, "ఎవుడ్రా పందిని కోత్తన్నాడు?" అన్నాడు. మూడో పాటకి తువ్వాలు గాల్లో తిప్పాడు. ఇప్పుడు కాదంటాడు, నమ్మకు.

సరే, మా ఇంటి యజమాని ఎర్రయ్య మావ వరండాలో చేద్దామనుకున్నాం. ఆయన మూలపేట నుంచి కుర్రతనంలోనే వచ్చేశాడు, జగ్గుని చూసినవాడు కాదు. ఫోటో అందుకుని, వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"మనిసికి మొకం లేదేట్రా?"

"ఉంది మావా, అటేపుంది," అన్నాను.

"ఈపుకి దండేత్తారేట్రా ఎవులైనా? అలిగెల్లిపోతన్నట్టున్నాడు. మొకమున్న ఫోటో తెండి. నేకపోతే నా ఇంట్లో నానొప్పుకోను."

మావ వద్దంటే ఈ వానలో కూర్చోవడానికి మాకు మరో చోటు లేదు. బారువ నుంచి వచ్చి ఇక్కడ టిఫిను కొట్టు పెట్టిన పాపారావు బతిమాలాడు. మావ కదల్లేదు. ఆసుపత్రి ఫోటోనే తెప్పిద్దామని నీకు రాయబోయాను కూడా. ఇంతలో నా పాడునోరు ఊరుకోలేదు.

"మావా, గుళ్ళో పూజారి నీకు ఈపు పెట్టే కదా హారతిచ్చీది? ఎప్పుడైనా ఇటు తిరగమన్నావేటి?"

మావ ఫోటో మళ్ళీ అందుకున్నాడు. "నీ నోరు పడిపోను," అన్నాడు. తర్వాత, "పువ్వులు నాను తెత్తాన్లే," అన్నాడు.

ఆదివారం వరండా నిండిపోయింది. మావే దండ వేశాడు, ఆ వీపుకి. పాపారావు దగ్గర ఎప్పుడో స్టేజీ పక్కన టేపురికార్డరు పెట్టి పట్టిన కేసెట్టు ఉంది. సగం జనం గోలే, అయినా మధ్యలోంచి గిటారు లేచింది. మావ చుట్ట ఆరిపోయినా చూసుకోలేదు.

చివరి మోత ఆగింది. వాయించడం అయిపోగానే జగ్గు ఒక్కసారి గిర్రున మా వైపు తిరిగేవాడు, చెమటతో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. మాకది అలవాటు. కేసెట్టు ఆగినా ఎవరూ లేవలేదు.

"ఏట్రా, అందరూ అటే సూత్తన్నారు?" అన్నాడు మావ.

పాపారావు చెప్పాడు: "తిరుగుతాడని మావా."

అప్పా, ఆసుపత్రి ఫోటో వాళ్ళావిణ్ణి అడగొద్దు. తనే ఇచ్చినా పంపొద్దు. మా దగ్గర ఈ వీపే ఉండనీ.

పాపారావు తమ్ముడు వచ్చే ఓడకి అక్కణ్ణుంచి ఇక్కడికి బయల్దేరుతున్నాడు. అతనితో బారువ ఎండు నెత్తళ్ళు కొంచెం పంపు. పిల్లలకి ముద్దులు. అమ్మకి, పెద్దలందరికీ నా దండాలు. నన్ను తిట్టేవాళ్ళకి ఇంకో రెండు ఎక్కువ. నువ్వు మాత్రం నిండు మనసుతో దీవించు.

నీ పాడునోటి తమ్ముడు,
దాలయ్య